బోరు నీళ్లు మనవి! విషపు ఊటకు అడ్డం పడదాం రండి!

వేముల మండలం అన్నలారా, అక్కలారా! పులివెందుల అరటి రైతులారా! కూలికి పోయే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఒక్క నిమిషం నిలబడి ఇది చదవండి. చదువు రాని పెద్దోళ్లకు చదివి వినిపించండి.

తుమ్మలపల్లె యురేనియం గని సంగతి మనకు కొత్త కాదు. 2007లో శంకుస్థాపన చేశారు. 2012 నుంచి మిల్లు తిరుగుతోంది. రోజుకు 3,000 టన్నుల రాయి నలగ్గొట్టేలా కట్టిన మిల్లు అది! టన్ను రాయిలో యురేనియం ఎంతనుకున్నారు? అరకిలో కూడా ఉండదు! మిగిలిందంతా ఎక్కడికి పోయినట్టు? సోడా మందులు కలిసిన బురదై, పైపుల్లో పారి, కె.కె. కొట్టాల పక్కన కొండల నడుమ టెయిలింగ్ పాండ్‌లో పడుతోంది. సరుకు గని నడిపే యూసీఐఎల్ కంపెనీ వాళ్లు పట్టుకుపోయారు. రాయిలోని రేడియోధార్మికతలో నూటికి 85 పాళ్లు ఆ బురదలోనే మిగిలింది! అందులో ఉండే రేడియం సగానికి తగ్గాలంటేనే 1,600 ఏళ్లు పడుతుంది!

అలాంటి చెరువుకు అడుగున ఏముండాలి? బెంటొనైట్ మట్టి పరచాలి. పాలిథీన్ పొర వెయ్యాలి. ఇది మన నోటి మాట కాదు, కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన షరతు. వేశారా? వెయ్యలేదని 2018లో ఆ మండలే యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది! ఓటికుండలో పోస్తే నీళ్లు నిలుస్తాయా?

కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కనంపల్లె జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. బోరు నీళ్లు కట్టిన అరటి నిలువునా ఎండిపోతోందని! ఒంటికి పోసుకుంటే దురదలు, దద్దుర్లు వస్తున్నాయని! అప్పు తెచ్చి, వందల అడుగులు బోరేసి, డ్రిప్పు పరిచి, పిలక నాటిన రైతు ఆ నీళ్లను తన చేత్తో తోటకు ఎలా కట్టగలడు? తాగడానికి క్యాన్ కొంటారు, సరే. వంటకు? అంట్లకు? పసిబిడ్డకు నీళ్లు పొయ్యడానికి? ఎనుముకు క్యాన్ నీళ్లు కొని తాపే రైతు ఎక్కడన్నా ఉన్నాడా?

‘మా ఊరు పాండ్‌కు దూరం, మాకేం కాదు’ అనుకుంటున్నారా? వినండి. సోడా నీళ్లలో యురేనియం కరిగి నీళ్లతో పాటే నడుస్తుంది. మన నేల కిందిది వేంపల్లె సున్నపురాయి. అన్నీ చీలికలే, సందులే! పైగా ఎండాకాలంలో మనం బోర్లు ఎంత తోడితే కింది నీళ్లు అంతగా మన వైపే వస్తాయి. ఇవాళ కొట్టాల బోరు. రేపు ఎవరి బోరు?

లీటరు తాగునీటిలో యురేనియం 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మీ బోరులో ఎంతుంది? ఎవరన్నా పరీక్ష చేసి మీ చేతికి కాగితం ఇచ్చారా? నీళ్లు చెడింది తమ పాండ్ వల్ల కాదంటోంది కంపెనీ. మంచిది! అయితే పరీక్షల లెక్కలన్నీ పంచాయతీ గోడ మీద రాయించండి. భయమెందుకు?

జరిగిందేదో జరిగింది, ఇక చేసేదేం లేదంటారు కొందరు. అబద్ధం! జర్మనీలో రోన్నెబర్గ్ దగ్గర యురేనియం తవ్వకం 1990లో ఆగింది. గుట్టలుగా పడున్న వ్యర్థపు రాళ్లతో అక్కడి పెద్ద గుంతను పూడ్చారు. పూడ్చి చేతులు దులుపుకున్నారా? లేదు! భూమిలోంచి ఊరి వచ్చే చెడ్డనీళ్లను దారిలోనే పట్టి, శుద్ధి చేశాకే వదులుతున్నారు. ఆస్ట్రేలియాలో రేంజర్ గని వ్యర్థాలు 10,000 ఏళ్ల దాకా బయటికి రాకూడదని షరతు. అక్కడ పాండ్‌లోని బురదను తీసి, తవ్విన గుంతలోకే మార్చారు. వాళ్ల బిడ్డలకు అంత జాగ్రత్త కావాలి, మన బిడ్డలకు అక్కర్లేదా?

మనం అడిగేది అదే! పాండ్ కింది వైపు వరసగా బోర్లు వెయ్యండి. ఊట మన పొలాల్లోకి రాకముందే తోడి శుద్ధి చెయ్యండి. పాండ్ చుట్టూ పరీక్ష బోర్లు వెయ్యండి. మూడు నెలలకోసారి కంపెనీకి సంబంధం లేని ల్యాబు నీళ్లు చూడాలి. అందాకా మనుషులకూ గొడ్లకూ పైపులో మంచినీళ్లు ఇవ్వండి. అడుగున పొర లేని చోట ఇక చుక్క బురద పొయ్యొద్దు!

గనిలో పనిచేసే తమ్ముళ్లారా, నోరు తెరిస్తే పని పోతుందని మీ భయం. మాకు తెలుసు. మీ ఉద్యోగం మీద మాకు పగ లేదు. కానీ డ్యూటీ దిగి మీరు ఇంటికొచ్చి తాగేదీ ఈ నేల నీళ్లే కదా? మీరూ మాతో నిలబడండి!

ఇంటికో మనిషి కదలండి! వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు కడప కలెక్టరేట్ గ్రీవెన్స్ దగ్గర కలుద్దాం. కడిగిన సీసాలో మీ బోరు నీళ్లు పట్టి, ఊరి పేరు, సర్వే నంబరు, పట్టిన తేదీ రాసి తెండి. నీళ్ల పరీక్ష కోరుతూ అర్జీ రాయండి. ఇచ్చాక రసీదు తీసుకోండి. రసీదు చేతికి రాకుండా ఎవరూ బయటికి రావద్దు!

ఇట్లు
వేముల మండలం రైతులు, కూలీలు