క్యాను మీద ముద్ర సరే, లోపలి నీళ్ల సంగతి?

చిన్న వాటర్ ప్లాంట్లకు లైసెన్సు సులభం చేస్తే ఊరంతా మురికినీళ్లు తాగాల్సిందే అని పోయిన వారం మన డిబేట్‌లో చాలామంది అన్నారు. చప్పట్లు కూడా ఆ మాటకే ఎక్కువ పడ్డాయి. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేశారు, అందుకని నా మాట ఇక్కడ రాస్తున్నాను. సులభం చెయ్యాలి. మన పేటలో నింపి మన పేటలోనే అమ్మే క్యాను నీళ్లకు అడ్డుపడే నిబంధనలు కొన్ని తగ్గించి తీరాలి. కాకపోతే ఏవి తగ్గించాలి, వేటిని ముట్టుకోకూడదు అని తేల్చుకోకుండా ఊరికే అవునన్నా కాదన్నా ప్రయోజనం లేదు.

చెన్నైలో ‘క్యాన్’ అని ఒక్క మాట అంటే చాలు, అది నీళ్ల క్యానే. ఇరవై లీటర్లది, నీలం రంగుది. నెల్లూరులో ఉన్న మా పిన్ని దీన్నే ‘మినరల్ వాటర్’ అంటుంది. ఆర్.ఓ. యంత్రం నీటిలో ఉన్న ఖనిజాలను చాలామటుకు తీసేస్తుంది కదా, మరి తీసేసిన వస్తువు పేరే మిగిలిన నీటికి పెట్టుకున్నాం! నిజమైన మినరల్ వాటర్‌కు ప్రభుత్వం వేరే ప్రమాణమే పెట్టింది. తెలుగు చదువుకునేవాళ్లం గనక ఈ పేరు తమాషాను మనమైనా గమనించాలి. మన ఊరి తెలుగువాళ్లు అనే ‘క్యాను నీళ్లు’ అన్న మాటే నయం, ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఈ నీళ్లు షోకు కోసం కొనేవి కావు. హాస్టళ్లలో, పీజీ రూముల్లో, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఇదే తాగునీరు. 2019 వేసవి అందరికీ గుర్తుండే ఉంటుంది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటాయి. జులైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ తర్వాత 2020 మొదట్లో, అనుమతి లేకుండా భూగర్భజలం తోడుతున్న యూనిట్లను మూసెయ్యమని మద్రాసు హైకోర్టు అంది. తయారీదార్లు సమ్మె కట్టారు, జనం క్యాన్ల కోసం వెతుక్కున్నారు. కోర్టు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఒక మహానగరం తాగునీరు అనుమతుల్లేని యూనిట్ల మీద అంతగా ఆధారపడిందని ఆ కొద్ది రోజుల్లోనే బయటపడింది. లైసెన్సు కష్టంగా ఉంటే చెడ్డవాళ్లు రారని మనం అనుకుంటాం. చెడ్డవాళ్లు లైసెన్సు కోసం అసలు క్యూలోనే నిలబడరు. నిలబడి, ఖర్చు భరించలేక వెనక్కి పోయేది పద్ధతిగా చేద్దామనుకున్న చిన్నవాళ్లే.

ఆ ఖర్చు ఎక్కడిదో చెబుతాను. 2001 మార్చి నుంచి ప్యాక్ చేసిన తాగునీటికి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ముద్ర కావాలంటే ప్లాంటులోనే ల్యాబ్ ఉండాలి, ఒక కెమిస్టు ఉండాలి, సూక్ష్మజీవుల పరీక్షలకు మైక్రోబయాలజీ చదివినవాళ్లు ఉండాలి. వీటి పైన ఏటా కట్టే ఫీజులు. రోజుకు వేల క్యాన్లు నింపే కంపెనీకి ఇదొక లెక్క కాదు. రెండు వీధులకు నీళ్లు పోసే ఒక మహిళా సంఘం ఇద్దరు సైన్సు గ్రాడ్యుయేట్లకు నెల జీతాలు ఎక్కణ్ణుంచి ఇస్తుంది?

2024లో ఢిల్లీ నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ ముద్ర తప్పనిసరి అన్న నియమాన్ని తీసేసింది. నవంబరు చివర్లో అదే సంస్థ ఈ నీళ్లను ‘ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహారం’ జాబితాలో చేర్చి, ఏటేటా తనిఖీ ఉండాలంది. డిబేట్‌లో మొదటిదాని గురించి అందరూ మాట్లాడారు, రెండోదాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రెండూ కలిపి చూస్తేనే దారి సరైనదనిపిస్తోంది. గడప దగ్గర తేలిక చేసి, లోపలికి వచ్చాక గట్టిగా చూడటం. ఏడాదికొక్క తనిఖీ చాలదన్నదే నా గొడవ.

ఎందుకు చాలదో తెలియాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో తెలియాలి. ప్రమాణం ప్రకారం 250 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలై అనే బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. నీళ్లను వడపోసి, ఆ వడపోత పొరను పోషకాల మీద పెట్టి, వెచ్చగా ఉంచి, పెరుగుతుందేమో చూడాలి. ఒక రోజు, కొన్నిటికి రెండు మూడు రోజులు, బూజుకైతే ఇంకా ఎక్కువ పడుతుంది. మన హాస్టల్లో క్యాను ఎన్నాళ్లుంటుంది? పొద్దున పెడితే మధ్యాహ్నానికి తలకిందులు చేసి గ్లాసు పట్టే పరిస్థితి. అంటే రిజల్టు వచ్చేసరికి ఆ నీళ్లు మన కడుపులో ఉంటాయి. ఏ ల్యాబూ మనం తాగే క్యానును ముందుగా పట్టుకోలేదు. ఆ ప్లాంటు అలవాట్లు ఎలాంటివో మాత్రమే చెప్పగలదు. కార్ట్రిడ్జులు వేళకు మారుస్తున్నారా, యూవీ దీపం వెలుగుతోందా, ఓజోన్ సరిగా కలుపుతున్నారా, నింపే మనిషి చేతులు కడుక్కుంటోందా. అలవాటును ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్టుతో కొలవలేం. మాటిమాటికీ, చెప్పాపెట్టకుండా వెళ్లి చూడాలి. ముద్ర కోసం పట్టుబట్టిన ఇన్నేళ్లూ మనం ఈ చూడటాన్ని మర్చిపోయాం.

క్యాను సంగతి మరీ అన్యాయం. నీళ్లను ఎంత శుద్ధి చేసినా పోసేది పాత క్యానులోనే కదా. అది ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎవరింట్లో కిరసనాయిలు పట్టారో, ఎక్కడ ఎండలో పడుందో ఎవరికి తెలుసు? గీతలు పడ్డ ప్లాస్టిక్కులో పాచి పట్టుకుంటుంది, బ్రష్ అందదు. మెడ దగ్గర ఆకుపచ్చ గీత మీరూ చూసే ఉంటారు. మూత, దాని మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్కు బయట కొట్లో దొరుకుతాయి, వేడిగాలి తగిలితే చక్కగా బిగుసుకుంటుంది. కాబట్టి సీలు ఉంది గదా అని ధైర్యపడటానికేమీ లేదు. ఇక్కడ నిబంధన బిగించాలి. ప్రతి క్యానుకూ చెరిగిపోని నంబరు, అది మొదట వాడిన నెల, నింపిన తేదీ ఉండాలి. గీతలు పడిందాన్ని పక్కన పెట్టాలి. దీనికి కెమిస్టు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు.

ల్యాబ్ విషయంలో మాత్రం చిన్నవాళ్లకు దారి ఇవ్వాలి. ఒక్కో ప్లాంటుకు ఒక్కో ల్యాబ్ ఎందుకు? పది పదిహేను చిన్న ప్లాంట్లు కలిసి ఒకే ల్యాబ్ వాడుకోవచ్చు. సైన్సు కాలేజీలు ఈ పని చెయ్యగలవు. మన కింది అంతస్తులోనే మైక్రోబయాలజీ వాళ్లున్నారు, ఇంక్యుబేటర్ ఉంది, ఏటా ప్రాజెక్టులకు టాపిక్కుల కోసం తిరుగుతుంటారు కూడా. వచ్చిన రిజల్టును ప్లాంటు గోడ మీద అతికించాలి, పాలకేంద్రం దగ్గర ధరల పట్టీ పెట్టినట్టు. దొంగ లెక్కలు రాయరా అంటారేమో. రాసేవాళ్లు రాస్తారు. కానీ పక్క వీధిలో ఉన్న ప్లాంటుకు మనం నడిచి వెళ్లి అడగొచ్చు. ముప్పై కిలోమీటర్ల అవతల ఏ తోటలో నింపారో తెలియని క్యాను గురించి ఎవర్ని అడుగుతాం? లోకల్ నీళ్లు కావాలని నేననడానికి పెద్ద కారణం ఇదే. అడగటానికి ఒక గుమ్మం ఉంటుంది.

అయితే ‘లోకల్’ అన్న మాటను నేనూ పూర్తిగా నమ్మను. మన కుళాయిలో వచ్చేది ఎక్కడిది? కండలేరు నుంచి ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండికి చేరే కృష్ణ నీళ్లు అందులో ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ చేసుకున్న ఒప్పందం అది. వీరాణం నీళ్లున్నాయి, మీంజూరులోనూ నెమ్మేలిలోనూ ఉప్పు తీసిన సముద్రపు నీళ్లున్నాయి. క్యాన్లోవి చాలాసార్లు తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు వైపు ఏదో ఊరి బోరువి. మనకు లోకల్ కాదు, ఆ ఊరికి లోకల్. ఆర్.ఓ. యంత్రం తోడినదంతా క్యాన్లో పొయ్యదు. నీటి ఉప్పదనాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి సగం వరకు కూడా కాలవలోకి పోతుంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడితే పక్కనే లోడు వ్యాన్లు వెళ్తుంటాయి. చెన్నై చుట్టుపక్కల భూగర్భజలానికి 1987 నుంచే చట్టం ఉంది. మితిమీరి తోడేసిన ప్రాంతాల్లో కొత్తగా ప్యాకేజ్డ్ నీళ్ల పరిశ్రమకు, అది చిన్నదైనా సరే, అనుమతి ఇవ్వొద్దని 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఒక్క విషయంలో చిన్నవాళ్లమన్న జాలి నాకు లేదు. చిన్న చిన్న బోర్లు వంద కలిస్తే పెద్ద బోరే. పేటలో పెట్టే ప్లాంటుకు మెట్రో వాటర్ వాళ్లే ఒక లైను ఇచ్చి, ధర కట్టి, మీటరు పెట్టొచ్చు. అప్పుడు బోరు జోలికి పోనవసరమే ఉండదు.

ధర సంగతి క్లుప్తంగా చెప్తాను. 2018 నుంచి క్యాను నీళ్ల మీద 12 శాతం, బాటిల్ నీళ్ల మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 5 శాతానికి వచ్చాయి. మా వీధిలో క్యాను ధర ఒక్క రూపాయి తగ్గలేదు. మా అన్న ఎప్పుడూ బిల్లు ఇచ్చిన పాపాన పోలేదు గనక తగ్గించడానికి ఆయన దగ్గర పన్నే లేదు! ధర తగ్గాలంటే వీధిలో ఇద్దరో ముగ్గురో అమ్మేవాళ్లుండాలి. మూడో అంతస్తుకు క్యాను మోసుకొచ్చేవాడికి నాలుగు డబ్బులు మిగలాలన్నది వేరే సంగతి, దాన్ని తగ్గించమని నేననను.

ఆంధ్రాలో 2014లో ఎన్టీఆర్ సుజల అని రెండు రూపాయలకు 20 లీటర్లు ఇచ్చే పథకం పెట్టారు. జనం తమ క్యాను తామే తెచ్చుకుని పట్టుకుపోయే పద్ధతి. సీలు లేదు, కాబట్టి మోసం సీలూ లేదు. క్యాను శుభ్రం ఎవరిది వాళ్ల బాధ్యత. ఇక్కడ 2013లో అమ్మ కుడినీర్ వచ్చింది, లీటరు బాటిల్ పది రూపాయలు, గుమ్మిడిపూండిలో నింపి బస్టాండుల్లో అమ్మారు. ప్రయాణికులకు అది మేలే. ఇంటికి మాత్రం మొదటి పద్ధతే పనికొస్తుందని నా అభిప్రాయం. చెన్నైలో పేటకొకటి అలాంటిది ఉంటే, మోయలేనివాళ్లకు మాత్రమే సీలు క్యాను అవసరమవుతుంది.

డిబేట్ చివర్లో మన మేడమ్ గారు ఒక ప్రశ్న వేశారు. కుళాయి నీళ్లు తాగేలా ఇవ్వటం ప్రభుత్వం పని కదా, క్యాన్లను ప్రోత్సహిస్తే ఆ పని ఇంకా వెనక్కి పోదా అని. పోతుంది, ఆ భయం నాకూ ఉంది. మెట్రో వాటర్ బాగానే వచ్చినా మన బిల్డింగుల కింద సంపులు, పైన ట్యాంకులు ఏళ్ల తరబడి కడగకపోతే ఆ నీళ్లు పాడవుతాయి. ఆ తప్పు మాత్రం ప్రభుత్వం మీదికి నెట్టలేం, ఇంటి ఓనర్లది, అద్దెకున్న మనదీ. కుళాయి బాగుపడేదాకా దాహం ఆగదు గదా మేడమ్. పేట ప్లాంటుకు మెట్రో లైనే ఇవ్వాలని పైన రాసింది కూడా ఇందుకే. అప్పుడు ఆ ప్లాంటు మంచిచెడ్డలు కుళాయి మంచిచెడ్డలతోనే ముడిపడి ఉంటాయి.

మన క్యాంటీన్ పక్కన, హాస్టల్ మెస్సులో కలిపి క్యాన్లు చాలానే ఉంటాయి. మైక్రోబయాలజీ ఫైనలియర్ వాళ్లతో మాట్లాడాను. వాళ్ల హెచ్‌ఓడీ మేడమ్ ఒప్పుకుంటే నెలకు రెండు క్యాన్ల నుంచి శాంపిల్ తీసి చూస్తామన్నారు. దానికి ముందు మనం చెయ్యగలిగింది ఒకటుంది. క్యాను మీద నింపిన తేదీ ఉందా, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా, ఏ ఊళ్లో నింపారని రాసుంది, మెడ దగ్గర పాచి ఉందా. ఈ కాగితం కింద సగం ఖాళీగా వదిలి గడులు గీశాను, పెన్ను దారంతో కట్టాను. నీళ్లు పట్టుకోవడానికి వెళ్లినప్పుడు చూసి, వచ్చి రాయండి. పేర్లు అక్కర్లేదు, తేదీ వేస్తే చాలు. పెన్ను మాత్రం పట్టుకుపోకండి.