సినిమా దద్దరిల్లాలి... పాట పలకాలి!

రిటైరైన తండ్రి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు. హాల్లో పెద్ద టీవీ, చుట్టూ ఏడు స్పీకర్లు, మూలన సబ్‌వూఫర్. మొదటిరోజు రాత్రి కార్ల ఛేజింగ్ సీను పెడితే షోకేసులో గాజుగ్లాసులు గలగలమన్నాయి. ఇంటిల్లిపాదీ చప్పట్లు! మర్నాడు పొద్దున్నే పెద్దాయన కాఫీ గ్లాసుతో కూర్చుని తన సీడీ పెట్టుకున్నారు. 'మాయాబజార్' పాటలు. ఒక్క పాటయ్యేసరికి ఆపేశారు.

'ఏం నాన్నా, బాగాలేదా?'

'ఏడు స్పీకర్లన్నావు కదరా. మరి ఘంటసాల ఆ టీవీ కింద డబ్బాలోంచే పాడుతున్నాడేంటి?'

హోం థియేటర్ కొన్న చాలా ఇళ్లలో ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. పెట్టె పాడైందనుకుని కంగారుపడక్కర్లేదు. 1957 నాటి ఆ సినిమా పాటలు మోనో రికార్డింగులు. అంటే కుడి, ఎడమ స్పీకర్లకు వెళ్లే శబ్దం ఒకటే. సరౌండ్ మోడ్‌లో ఉన్న రిసీవర్, రెండు వైపులా ఒకేలా వచ్చే శబ్దం మధ్యలోంచి వినిపించాలని లెక్కేస్తుంది. సినిమాలో డైలాగులు అలాగే కదా వచ్చేది! దాంతో ఘంటసాలనూ వీణనూ తబలానూ మూటగట్టి సెంటర్ స్పీకర్లో పడేస్తుంది. రిమోట్ మీద 'స్టీరియో' మీట నొక్కితే చాలు, పాట రెండు పెద్ద స్పీకర్ల మధ్యకు వచ్చి నిలబడుతుంది.

సగం గొడవ అక్కడితో తీరింది. మిగతా సగమే అసలుది. 'బాగానే ఉంది గానీ... మన పాత ఆంప్లిఫయర్లో ఉన్న నిండుదనం లేదురా' అన్నారాయన.

అది చాదస్తం కాకపోవచ్చు. పాత ఆంప్లిఫయర్‌కు పెట్టిన డబ్బంతా రెండు చానళ్ల మీదే ఖర్చయింది. అదే డబ్బుతో రిసీవర్ తయారుచేయాలంటే ఏడు ఆంప్లిఫయర్లు ఇరికించాలి, హెచ్‌డీఎంఐ బోర్డు పెట్టాలి, డాల్బీ, డీటీఎస్ లైసెన్సులు కట్టాలి. వీటన్నిటికీ కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సాధారణంగా ఒక్కటే. ఏడుగురికి ఒక్కటే అన్నం గిన్నె! కాబట్టి సినిమాలతో పాటు పాటలూ ముఖ్యమనుకునేవారు 'ఎన్ని చానళ్లు?' అని కాదు, 'రెండు చానళ్లు ఎంత బాగా?' అని అడగాలి.

ఇక వాట్ల మాయ. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద '2000 వాట్స్ పీఎంపీవో' అని మెరిసే స్టిక్కర్లు గుర్తున్నాయా? వాటికి పెద్దగా అర్థం లేదు. రిసీవర్ల అట్టపెట్టెల మీద అంత అన్యాయం లేకపోయినా కిటుకులు ఉన్నాయి. 'చానల్‌కు 150 వాట్లు' అని పెద్దక్షరాలు. దాని కింద, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్నగా, '6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక చానల్' అని ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే, ఒకే ఒక్క స్పీకరు, ఒకే ఒక్క శ్రుతిలో, పదోవంతు చెడిపోయిన శబ్దంతో మోగితే వచ్చే లెక్క. అలా పాట వినేదెవరు?

చూడాల్సిన లెక్క వేరే ఉంది. 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, రెండు చానళ్లూ మోగుతుండగా, డిస్టార్షన్ 0.1 శాతం లోపు. ఇలా రాసి ఉన్న 80 వాట్లు పైన చెప్పిన 150 కంటే నమ్మదగ్గవి. అమెరికాలో ఈ అంకెల గారడీ ముదిరితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది. దాన్ని 2024లో మళ్లీ బిగించాల్సి వచ్చిందంటే జబ్బు ఎంత పాతదో చూడండి. ఇలాంటి బజారులోనూ ఎన్‌ఏడీ కంపెనీ తన టీ 758 రిసీవర్‌కు ఏడు చానళ్లూ ఒకేసారి మోగితే వచ్చే 60 వాట్లనే రాసుకుంది. చూడటానికి చిన్న అంకె, పనిలో పెద్దది.

అలాగని 80 వాట్ల మోడల్ వదిలేసి 100 వాట్లదాని కోసం వేలకు వేలు అదనంగా పోయడం దండగ. ఆ రెంటికీ తేడా ఒక్క డెసిబెల్. చెవికి ఆనీ ఆనకుండా ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే. అదే లాభం సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్లు ఎంచుకుంటే పైసా కరెంటు ఖర్చు లేకుండా వస్తుంది. అందుకే డబ్బులో సింహభాగం ముందరి రెండు స్పీకర్లకు కేటాయించాలి. వెనకవి ఆర్నెల్లాగి కొనుక్కున్నా కొంపలేం మునగవు.

'ప్యూర్ డైరెక్ట్' అనే మీట ఉందా అన్నది తర్వాత చూడాల్సింది. యమహా, డెనాన్, మరాంజ్ రిసీవర్లలో తరచూ కనిపిస్తుంది. నొక్కితే డిస్‌ప్లే ఆరిపోతుంది, వీడియో సర్క్యూట్లు నిద్రపోతాయి, శబ్దాన్ని మార్చే ప్రాసెసింగ్ పక్కకు తప్పుకుంటుంది. పాటకు రాచబాట అన్నమాట. అయితే దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. చాలా రిసీవర్లలో ఈ మీట నొక్కగానే సబ్‌వూఫర్ కూడా ఆగిపోతుంది. ముందున్నవి చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లయితే మృదంగం కాస్తా కంజీరలా వినిపిస్తుంది! అలాంటి ఇంట్లో మామూలు 'స్టీరియో' మోడ్ పెట్టి, 80 హెర్ట్జ్ కింది శబ్దాల్ని సబ్‌వూఫర్‌కు అప్పగించడమే మేలు.

పైగా మన హాళ్ల సంగతి తెలిసిందే. నున్నటి టైల్స్, బోసి గోడలు, అద్దాల కిటికీలు. చప్పట్లు కొడితే తిరిగి చప్పట్లు వినిపిస్తాయి. రిసీవర్‌తో వచ్చే మైకు పెట్టి ఆడిసీ, వైపావో, డిరాక్ లాంటి సర్దుబాట్లు చేసుకుంటే గదిలో గుబగుబలాడే బేస్ చాలావరకు అదుపులోకి వస్తుంది. గణగణమనే ప్రతిధ్వనికి మాత్రం మందు వేరే. నేల మీద ఓ జంపఖానా, కిటికీలకు మందపాటి కర్టెన్లు!

షాపుకెళ్లేటప్పుడు ఇంట్లో వందసార్లు విన్న సీడీ పట్టుకెళ్లాలి. సేల్స్‌మన్ యాక్షన్ సీను పెట్టబోతాడు. మొహమాటపడకుండా ఆపించి, స్టీరియోలో రెండే స్పీకర్లతో మన పాట పెట్టమనాలి. రెండు రిసీవర్లను పోల్చేటప్పుడు స్పీకర్లు అవే ఉండాలి, వాల్యూమ్ సమానంగా ఉండాలి. ఎందుకంటే కాస్త గట్టిగా మోగిందే బాగుందనిపించడం చెవి బలహీనత. పెద్దాయన లాంటివాళ్లు పక్కనుంటే ఇంకా మంచిది. వాళ్లకు మోడల్ నంబర్లు తెలియవు, పాట తెలుసు.

చివరగా పెట్టె వెనక్కి తిప్పి చూడాలి. 'ప్రీ అవుట్' అని ఎడమ, కుడి స్పీకర్ల పేరుతో రెండు రంధ్రాలుంటే అదృష్టమే. చవక మోడళ్లలో తరచూ సబ్‌వూఫర్‌కు మాత్రమే ఇస్తారు. ఆ రెండూ ఉంటే రేపెప్పుడైనా మంచి స్టీరియో ఆంప్లిఫయర్ తగిలించుకోవచ్చు. సినిమాకు రిసీవర్, పాటకు ఆంప్లిఫయర్, ముందరి స్పీకర్లు రెంటికీ ఉమ్మడి.

అదృష్టవశాత్తూ ఆ ఇంట్లో రిసీవర్‌కు ప్రీ అవుట్ ఉంది. పాత ఆంప్లిఫయర్ పాతసామాన్లవాడికి పోకుండా అటకమీదే ఉంది. ఆదివారం దాన్ని దించి, దుమ్ము దులిపి, ప్రీ అవుట్ నుంచి దాని ఆక్స్‌లోకి వైరు కలిపారు. సీడీ ప్లేయర్ నేరుగా ఆంప్లిఫయర్‌కే. సినిమా వేసేటప్పుడు దాని వాల్యూమ్ ఎప్పుడూ ఒకేచోట ఉండాలి, లేదంటే మైకుతో చేసిన లెక్కలన్నీ తప్పుతాయి. అందుకని కొడుకు నాబ్ పక్కన స్కెచ్‌పెన్నుతో చిన్న గీత గీశాడు.

'పాట విన్నాక ముల్లు మళ్లీ ఈ గీత మీదికి తేవాలి నాన్నా, మర్చిపోకు.'

'తెస్తాలేరా. ముందా టీవీ ఆపు' అన్నారు పెద్దాయన, సీడీ అందుకుంటూ.