సంతానకాంక్ష, నాల్గవ దశ వ్యాధి, శాస్త్రదృష్టి

ఆదోని, ఎమ్మిగనూరు, జొన్నగిరి ప్రాంతాలలో అశ్వత్థప్రదక్షిణ చేసి, సంతానార్థం కొమ్మకు చిన్న ఊయల కట్టు స్త్రీలను చూడని అర్చకుడుండడు. వారిలో రొమ్ము క్యాన్సర్ ఎముకలకో, కాలేయానికో వ్యాపించిన యువతులు కూడ ఉండవచ్చును. అట్టి యువతి "నాకు బిడ్డ కలుగునా?" అని అడిగినచో లోకం వద్ద రెండే ఉత్తరాలున్నవి. ప్రాణమే సంశయమైన వేళ ఈ కోరిక యేల అనునది ఒకటి. పూర్వకర్మ, ఫలానా వ్రతం చేయుమనునది రెండవది. రెండును నిర్దయములే.

ముందుగా వైద్యుల మాట. 2023లో వెలువడిన పాజిటివ్ అను అధ్యయనంలో 42 ఏండ్లు మించని స్త్రీలు 18 నుండి 30 నెలలు హార్మోను చికిత్స పొంది, గర్భధారణకై రెండేండ్ల వరకు దానిని ఆపిరి. స్వల్పకాలంలో వ్యాధి తిరుగబెట్టుట అధికం కాలేదు. అయితే వారందరిదీ ఒకటి నుండి మూడవ దశ వ్యాధి. నాల్గవ దశలో చికిత్స నిరంతరం సాగవలెను. పలు మందులు గర్భస్థశిశువుకు హానికరములు. కావున ఆ వార్త చూపి ఈమెకు ఆశ పెట్టుట మోసమే. కీమోకు ముందే అండాలను శీతలీకరించి దాచు మార్గమున్నది. దానికి సుమారు రెండు వారాలు పట్టును, అంత వ్యవధి ఆమెకున్నదో లేదో వైద్యుడే చెప్పవలెను. ఆ ప్రశ్న మొదటిరోజే రావలెను. కీమో మొదలైన పిదప అడిగిన ప్రయోజనం స్వల్పం.

2021 నాటి సరోగసీ చట్టం ధనాపేక్ష లేని సరోగసీని మాత్రమే అనుమతించును. 2022 దత్తత నిబంధనలు ప్రాణాంతక వ్యాధిగ్రస్తులకు దత్తత నిరాకరించుచున్నవి. శిశువు రెండవమారు తల్లిని కోల్పోరాదను భావం గౌరవనీయమే. కాని నేడు మందులతో ఏండ్ల తరబడి జీవించువారు కలరు. భర్త, అత్తమామలు బిడ్డ భారం వహింప సిద్ధమైన ఇంట ఒక్కొక్క సందర్భాన్ని విడిగా పరిశీలించుట న్యాయం.

శాస్త్రం మాతృత్వాన్ని గర్భానికే పరిమితం చేయలేదు. దేవకీదేవి సప్తమగర్భం రోహిణిని చేరినది; కృష్ణునికి యశోదయే తల్లి; కుమారస్వామికి కృత్తికలు ఆరుగురు స్తన్యమిచ్చిరి. పున్నామనరకం పేరిట యువతిని భయపెట్టువారు బృహదారణ్యకం చదువవలెను. ఆత్మజ్ఞులు సంతానేచ్ఛను విడిచిరని అది చెప్పుచున్నది. అయితే ఇచట ఒక జాగ్రత్త అవసరం. ఆ వైరాగ్యం వారు తమకు తాముగా స్వీకరించినది. రోదించు స్త్రీ నోరు మూయించుటకు వేదాంతాన్ని ప్రయోగించుట వేదాంతం కాదు, సౌకర్యం. వంశం పేరిట భర్తకు మరొక వివాహం యోచించు పెద్దలకైతే 1955 నాటి హిందూ వివాహ చట్టమే చాలును. భార్య జీవించియుండగా అది నేరం. సీమంతంలో ఆమెను దూరం నిలుపుటకు ఏ గృహ్యసూత్రం ఆధారమో చెప్పగలవారు లేరు.

జొన్నగిరి సమీపాన ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నవి. మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పరచి ఓషధులు నాటించితినని వాటిలో ఒకటి చెప్పును. ఔషధం ధర్మకార్యమని ఈ నేల ఏనాడో విన్నది. అందుచేత కీమో తేదీకి ముహూర్తం అడుగవచ్చిన కుటుంబానికి, అమావాస్యయైనను మూఢమైనను ఆసుపత్రి ఇచ్చిన దినమే గ్రాహ్యమని, ప్రదక్షిణలు పిదప చేయవచ్చునని అర్చకుడు చెప్పవలెను. వైద్యుని అండాల విషయం అడిగితిరా అని కూడ విచారించవలెను.