నరోరా చెప్పిన లెక్క

ఇందిరాపురం కుళాయిల్లోకి వచ్చే గంగాజలం హరిద్వార్ దగ్గర మొదలయ్యే ఎగువ గంగ కాలువది. అదే నది మరింత దిగువకు ప్రవహించి బులంద్‌షహర్ జిల్లాలోని నరోరాను చేరుతుంది. అక్కడ ఒక్కొక్కటి 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు ఉన్నాయి. రాజధాని ప్రాంతానికి అతి చేరువలోని అణు విద్యుత్ కేంద్రం అదే. ఇందిరాపురం నుంచి గగనమార్గాన సుమారు 115 కిలోమీటర్లు.

1993 మార్చి 31 తెల్లవారుజామున మూడున్నర గంటల ప్రాంతంలో నరోరా మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగిపోయాయి. ఆ కుదుపునకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటకు పొక్కి మంటలు లేచాయి. మంటలు కేబుళ్ల వెంట పాకాయి. విద్యుత్ సరఫరాకు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు లేక కాదు. డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. కానీ అసలు సరఫరా తీగలూ, ఆపద్ధర్మ సరఫరా తీగలూ తగినంత ఎడం లేకుండా సాగినందున ఒకే అగ్ని అన్నింటినీ కాల్చివేసింది. దాదాపు 17 గంటలు కేంద్రం అంధకారంలో మునిగింది. సిబ్బంది రియాక్టర్‌ను వెంటనే ఆపివేశారు. ఆ తరువాత టార్చిలైట్లు పట్టుకొని భవనం పైకెక్కి, గొలుసుచర్య మళ్లీ మొదలవకుండా బోరాన్ ద్రావణాన్ని చేతులతో వాల్వులు తిప్పి వదిలారు. మంటలార్పడానికి ఉంచిన డీజిల్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరందించారు. రేడియోధార్మికత వెలువడలేదు. ఆ ఘటన అంతర్జాతీయ కొలమానంలో మూడవ స్థాయి వద్ద ఆగిపోయింది.

అణు ప్రమాద సంభావ్యతను లెక్కించే పద్ధతికి పునాది 1975లో అమెరికాలో వెలువడిన రాస్ముసెన్ నివేదిక. ఏ పంపు ఎన్నిసార్లు మొరాయించవచ్చు, ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోకపోవచ్చు అని విడివిడిగా అంచనా వేసి, వాటిని గుణించుకుంటూ పోతే చివరకొక అతి చిన్న సంఖ్య మిగులుతుంది. రియాక్టర్ గర్భం కరగడం ఒక్కో రియాక్టరుకు 20,000 ఏళ్లకు ఒకసారి అని ఆ నివేదిక తేల్చింది. దాని సారాంశ భాగానికి ఇచ్చిన ఆమోదాన్ని అమెరికా నియంత్రణ సంస్థ 1979 జనవరిలో ఉపసంహరించుకొంది. మార్చిలో త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. ప్రపంచంలోని రియాక్టర్లన్నీ కలిసి నేటికి 20,000 రియాక్టర్ సంవత్సరాలు దాటాయి. ఆ లెక్కన ఒక గర్భం కరగవలసి ఉండగా, త్రీ మైల్ ఐలాండ్‌లో ఒకటి, చెర్నోబిల్‌లో ఒకటి, ఫుకుషిమాలో మూడు, వెరసి ఐదు కరిగాయి.

చెర్నోబిల్ నమూనా వేరు, ఫుకుషిమా సునామీ వేరు అనే వాదనలో నిజం లేకపోలేదు. అణువిద్యుత్తును ఇంతటితో తోసిపుచ్చవలసిన పని కూడా లేదు. నవంబరు నెలలో గాజియాబాద్ గాలి పీల్చే మనిషికి, నరోరా కన్నా ఎంతో దగ్గరగా ఉన్న దాద్రి బొగ్గు కేంద్రపు పొగ ఊహాజనితమైన ముప్పు కాదు. లోపం గుణకారంలో ఉంది. రెండు వైఫల్యాలు పరస్పరం సంబంధం లేనివైతేనే వాటి సంభావ్యతలను గుణించాలి. నరోరాలో ఒకే మంట ఆ సంబంధాన్ని కలిపింది. కేబుల్ మంటలు ఎంత ప్రమాదకరమో 1975లోనే అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రం చూపింది. అది లెక్కకు అందనిది కాదు, పట్టించుకోనిది.

బ్లేడ్ల కథ మరీ విచిత్రం. ఆ నమూనా రూపకర్త అయిన బ్రిటిష్ సంస్థ, బ్లేడ్లు లోహపు అలసటతో విరుగుతున్నాయని గ్రహించి, 1989లోనే మార్పులు సూచించింది. ఆ సూచన భారత తయారీదారుకు చేరింది. ప్రమాదం జరిగేదాకా నరోరాలో బ్లేడ్లు మారలేదు. కార్యాలయ దస్త్రాల్లో ఒక కాగితం నాలుగేళ్లు కదలకుండా ఉండే సంభావ్యతను ఏ సూత్రంలో చేర్చాలి?

ఆ సంఖ్యను బయటివారు పరీక్షించే వీలుందా అంటే, అదీ లేదు. అణుశక్తి నియంత్రణ మండలి 1995లో దేశంలోని అణు కేంద్రాల్లో సుమారు 130 భద్రతా సమస్యలను గుర్తించి నివేదిక రూపొందించింది. దాన్ని రహస్యమన్నారు, 2004లో సుప్రీంకోర్టు సైతం ఆ గోప్యతను సమర్థించింది. మండలికి తగిన చట్టబద్ధ ప్రతిపత్తి లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది.

ఆ ప్రతిపత్తి 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టంతో దక్కింది. అంతవరకు మెచ్చదగినదే. అయితే అదే చట్టం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుస్తూ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టాన్ని రద్దు చేసింది. లోపభూయిష్టమైన పరికరం అమ్మిన సరఫరాదారు నుంచి నష్టాన్ని రాబట్టుకునే హక్కును ఆపరేటరుకిచ్చిన 17(బి) నిబంధన దానితోపాటే పోయింది. ఒప్పందంలో రాసుకుంటే తప్ప, లేదా ఉద్దేశపూర్వకంగా హాని చేశారని తేలితే తప్ప ఇక సరఫరాదారును అడిగేందుకు వీల్లేదు. భోపాల్‌ను చూసిన దేశం పట్టుబట్టి తెచ్చుకొన్న నిబంధన అది. నరోరాను కాల్చింది పరికరమేనన్న సంగతి చర్చలో ఎవరికెంత గుర్తుందో!

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరంలో ఈ లెక్క మరింత సూటిగా కనిపిస్తుంది. గుజరాత్‌లోని మిఠీ విర్దికి అనుకొని, అక్కడి ప్రజల ప్రతిఘటన తరువాత 2016లో ఇటు మళ్లించిన ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల ప్రతిపాదన అది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. ఆ నమూనాలో గర్భం దెబ్బతినే అవకాశం పది లక్షల ఏళ్లకు ఒకసారి కన్నా తక్కువని నిర్మాతల అంచనా. ఉష్ణసామర్థ్యాన్ని బట్టి పరిహార బాధ్యతకు కొత్త చట్టం గీసిన శ్రేణుల్లో, సుమారు 3,400 మెగావాట్ల ఉష్ణం వెలువరించే ఈ రియాక్టరుకు ఆపరేటర్ బాధ్యత గరిష్ఠంగా 1,500 కోట్ల రూపాయలు. ప్రమాదం అంత అసంభవమైతే ఆ హద్దు దేనికి? హద్దు తప్పనిసరి అయితే ఆ పది లక్షల ఏళ్ల అంచనాను నమ్మనివారిలో మొదటివాడు దాన్ని చెప్పినవాడే అవుతాడు. కొవ్వాడలో ఇల్లూ వలా వదిలిపోవలసిన మత్స్యకారుడికి మొదటి రియాక్టరు పునాది పడకముందే ఆ అంచనా, దాని వెనుక ఉన్న ఊహలు, మినహాయించిన సందర్భాలు తెలుగులో అచ్చువేసి ఇవ్వడం నియంత్రణ మండలికి కొత్త చట్టం అప్పగించిన హోదాలో చేయదగిన పని. నరోరా నివేదికతో సహా.