తపాలపెట్టె తాళము మన చేత నుండవలెను

మన సంఘములకును, మన దుకాణములకును వచ్చు ఉత్తరములలో నేడు కాగితముపై వచ్చునవి బహు స్వల్పము. విద్యాశాఖవారి జవాబులు, కలెక్టరు కచేరి వర్తమానములు, పొరుగూళ్ల తెలుగువారి విన్నపములు, గుడియాత్తం లుంగీలకును అగ్గిపెట్టెలకును వచ్చు ఆర్డర్లు సర్వమును ఈమెయిలు రూపముననే వచ్చుచున్నవి. అయినను ఆ యుత్తరములు ఎచ్చట నిలిచియుండునో, ఎంతకాలముండునో, ఎవరు తుడిచివేయగలరో విచారించువారు మనలో తక్కువ. ఫోనులో కనబడినదే వచ్చిన యుత్తరమనియు, కనబడనిది రాలేదనియు మనవారి నమ్మకము. ఈ నమ్మకము ప్రమాదకరమని మా యభిప్రాయము. ప్రతి సంఘమునందును కనీసము ఇద్దరైనను, దూరముననున్న మెయిలు సర్వరుతో నేరుగా కమాండుల ద్వారా మాటలాడి, తమ పెట్టెను తామే చక్కబెట్టుకొన నేర్వవలెనని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా చట్టము మాట చెప్పెదము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమునందలి 13వ సెక్షను ప్రకారము, ఇరుపక్షముల నడుమ వేరు ఒప్పందము లేనియెడల, ఉత్తరము అందుకొనువాడు తన కొరకు ఒక కంప్యూటరు వ్యవస్థను నిర్ణయించి తెలిపియుండినచో, ఉత్తరము ఆ వ్యవస్థలో ప్రవేశించినప్పుడే అతనికి అందినట్లు లెక్క. అతడు చదివెనా లేదా, ఫోను మ్రోగెనా లేదా అన్న ప్రశ్న అచ్చట లేదు. అనగా సర్వరులో పడియున్న నోటీసు మనకు ముట్టిన నోటీసే. అదే చట్టము 7వ సెక్షనులో, భద్రపరుపవలసిన ఎలక్ట్రానిక్ పత్రము ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి వచ్చినది, ఏ తేదీన, ఏ వేళకు వచ్చినది తెలియునట్లుగా ఉంచవలెనని కలదు. ఫోనులో కనబడిన దానిని ఫొటో తీసి దాచినంతమాత్రమున ఆ వివరములన్నియు నిలువవు.

వర్తకునికి ఇది ధనముతో పోవు విషయము. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఇది హక్కుతో ముడిపడిన విషయము. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, ఏ కష్టమును గూర్చియైనను ప్రభుత్వాధికారులకు విన్నపము చేసికొనునప్పుడు, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను చేసికొనుటకు మనకు హక్కు కలదు. 1956లో ఏడవ సవరణ మూలమున 350-ఎ, 350-బి అధికరణములు చేరినవి. మొదటిది ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సౌకర్యమును గూర్చినది. రెండవది భాషాల్పసంఖ్యాకుల రక్షణకు ప్రత్యేకాధికారిని నియమించుటను గూర్చినది. 2006లో తమిళనాట తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత, మైనారిటీ భాషల పాఠశాలలు మినహాయింపు కోరుచు అధికారులకు విన్నపములు పంపుటయు, న్యాయస్థానముల మెట్లెక్కుటయు జరిగినది. అట్టి వ్యవహారములలో మొదట అడుగబడు ప్రశ్న ఒక్కటే: మీరు ఎప్పుడు విన్నవించితిరి? జవాబు ఎప్పుడు వచ్చినది? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము మన జ్ఞాపకమున గాదు, సర్వరులో నున్నది.

సర్వరు అనగా ఏమి? మన మోర్ధానా ఆనకట్టనే చూడుడు. కౌండిన్య నది నీరు దాని వెనుక నిలుచును. తూము ఎత్తిన కొలది కాలువకు దిగును. కాలువలో నీరు లేనంతమాత్రమున జలాశయము ఎండెననరాదు. అట్లే సర్వరు జలాశయము, మన ఫోను కాలువ. తూము నడుపుటకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. ఒకటి పాప్. ఇది 1984లో పుట్టి, 1988లో మూడవ రూపము దాల్చి, 1996లో నేటి రూపమునకు వచ్చినది. రెండవది ఐమ్యాప్. దీనిని 1986లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అను నతడు రచించెను. పాప్ ముఖ్యముగా ఉత్తరములను ఇంటికి దెచ్చుకొనుటకు ఏర్పడినది. ఐమ్యాప్ ఉత్తరములను సర్వరులోనే ఉంచి సర్దుకొనుటకు ఏర్పడినది. ఈ భేదము తెలియనందున కలుగు నష్టము చిన్నది గాదు. మాకు తెలిసిన ఒక దుకాణమున కంప్యూటరు అమర్చినవారు పాప్ పద్ధతి పెట్టి, సర్వరులో ప్రతి నిలువకుండునట్లు చేసిపోయిరి. ఆ కంప్యూటరు చెడిన దినముననే మూడేండ్ల ఉత్తరములు అంతరించినవి.

ఈ రెండు పద్ధతులును మనుష్యుడు చదువదగిన చిన్న మాటలతోనే నడచును. పాప్ భాషను తీసికొందము. సర్వరుతో సంబంధము కుదిరిన పిదప ‘యూజర్’ అని పేరును, ‘పాస్’ అని రహస్యపదమును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయవలెను. ‘స్టాట్’ అన్నచో పెట్టెలో ఎన్ని యుత్తరములున్నవి, మొత్తము ఎంత పరిమాణము అని ఒక్క పంక్తిలో జవాబు వచ్చును. ‘లిస్ట్’ అన్నచో ఒక్కొక్కదాని పరిమాణము వరుసగా వచ్చును. ‘టాప్ 3 10’ అన్నచో మూడవ యుత్తరము యొక్క శీర్షభాగమును, దాని దిగువ పది పంక్తులును మాత్రము వచ్చును. కొండల నడుమ సిగ్నలు సన్నగిల్లు చోట్ల ఈ ‘టాప్’ ఎంత ఉపకారియో చెప్పనక్కరలేదు. ఎవరో ఇరువది మెగాబైట్ల బొమ్మలను పంపి పెట్టెకు అడ్డుపెట్టినను, వానిని దిగుమతి చేయకయే, ఎవరు పంపిరో చూచి తీసివేయవచ్చును. మొత్తము ఉత్తరము కావలసినచో ‘రెటర్’ అనవలెను. అప్పుడు ఏయే సర్వరుల మీదుగా ఏ వేళకు వచ్చినదో తెలుపు శీర్షములతోసహా యథాతథముగా వచ్చును. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రముతో కోర్టునందు దాఖలు చేయదలచువారు ఇట్టి యథాతథ ప్రతినే భద్రపరచుట మేలు.

తుడుచుట విషయమున పాప్ మిక్కిలి జాగరూకత గలది. ‘డెలె’ అన్నంతనే ఉత్తరము పోదు, గుర్తు మాత్రము పడును. ‘ఆర్‌సెట్’ అన్నచో గుర్తులన్నియు తొలగును. ‘క్విట్’ అని మర్యాదగా సెలవు పుచ్చుకొన్నప్పుడే గుర్తుపడినవి నిజముగా తుడుపబడును. నడుమ లైను తెగినచో ఏదియు పోదు. ఐమ్యాప్‌లోను ఇట్లే ముందు గుర్తు, పిదప ‘ఎక్స్‌పంజ్’ అను కమాండుతో తుడుపు. అయితే ‘క్లోజ్’ అన్నను తుడుపు జరుగునని మరువరాదు. ఐమ్యాప్‌లో ‘ఎగ్జామిన్’ అని పెట్టెను తెరచినచో చదువుటకే గాని మార్చుటకు వీలుండదు. క్రొత్తగా నేర్చువారు ఆ ద్వారముననే ప్రవేశింపవలెను. ‘లిస్ట్’ అను మాటకు ఐమ్యాప్‌లో అర్థము వేరు. అది పెట్టెలోని అరలన్నింటి పేర్లను చెప్పును. స్పామ్ అను అరలో పడిన సర్కారు జవాబులు అట్లు వెలికివచ్చును. అనేక సర్వరులలో ‘గెట్‌కోటారూట్’ అను కమాండు పెట్టె ఎంతవరకు నిండినదో చెప్పును. నిండిన పెట్టెకు వచ్చిన యుత్తరము తిరిగిపోవచ్చును గనుక ఈ లెక్క ముందుగా చూచుకొనుట మంచిది.

ఇక జాగ్రత్తలు. పూర్వము టెల్‌నెట్ అను సాధనముతో 110వ ద్వారమునకు పోయి పాప్‌తో మాటలాడెడివారు. అందులో రహస్యపదము బహిరంగముగా పోవును. నేడు పాప్‌నకు 995, ఐమ్యాప్‌నకు 993 అను రక్షిత ద్వారములనే వాడవలెను. అందులకు ఓపెన్ఎస్ఎస్ఎల్ అను ఉచిత సాధనమునందలి ఎస్_క్లయింట్ చాలును. దానిలో ఒక చిక్కు కలదు. సాధారణముగా నడుపునప్పుడు, పంక్తి మొదట ఇంగ్లీషు పెద్ద ‘ఆర్’ వ్రాసినచో అది సర్వరునకు చేరదు. సాధనము తనకే చెప్పినట్లు భావించి రక్షణ ఒడంబడికను మరల మొదలుపెట్టజూచును. పెద్ద ‘క్యూ’ వ్రాసినచో సెలవు చెప్పకయే లైను తెంచును, తుడుపదలచినవి తుడుపబడవు. కాబట్టి ‘రెటర్’, ‘క్విట్’ అను కమాండులను చిన్న అక్షరములతో వ్రాయవలెను. పాప్‌నకు చిన్న పెద్ద అక్షరముల భేదము లేదు. మరియు గూగుల్‌వారు 2022 మే నెలాఖరునుండి మామూలు రహస్యపదముతో ఇట్టి సాధనములు ప్రవేశించుటను చాలవరకు మాన్పించిరి. సొంత ఖాతాలవారు రెండంచెల తనిఖీ పెట్టుకొని, పదునారక్షరముల ప్రత్యేక పదమును పొందవలెను.

తెలుగు ఉత్తరముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మెయిలు పద్ధతులు ఇంగ్లీషు అక్షరములకే పుట్టినవి. 1990 ప్రాంతములలో అమెరికా విశ్వవిద్యాలయములలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు లిపిలోనే తెలుగు వ్రాసికొనెడివారు. రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌గార్లు ఏర్పరచిన ఆర్‌టిఎస్ పద్ధతి అందుకే పుట్టినది. 1991లో యూనికోడు మొదటి రూపమున తెలుగునకు చోటు దొరకినది. అయినను కమాండుల ద్వారా చూచినప్పుడు తెలుగు విషయపంక్తి తెలుగుగా కనబడదు. తరచుగా అది బేస్64 అను సంకేతలిపిలో నుండును. అందు మన ప్రతి అక్షరపుగుర్తును నాలుగు ఇంగ్లీషు సంజ్ఞలగును. ‘తెలుగు’ అను మాట ఇరువదినాలుగు సంజ్ఞలగును. చూచినవారు చెత్తయని తుడిచివేయుదురు. ఒక ఆనవాలు చెప్పెదము. యుటిఎఫ్-8 అను పేరు తరువాత ‘బి’ అని యుండి, పిమ్మట సంకేతము ‘4, ఎల్, సి’ అని మొదలగునేని ఆ మాట తెలుగు అక్షరముతో మొదలైనట్లే. ‘4, కె, 6’ అని మొదలగునేని తమిళము. ఇరుభాషలు వాడు మన ప్రాంతమున ఈ రెండానవాళ్లును తెలిసియుండుట మేలు. ఆ సంకేతమును విప్పుటకు ‘బేస్64’ అను పేరుగల కమాండే కలదు.

కొందరు మిత్రులు, ఫోనులోని యాప్ ఇదంతయు చేయుచుండగా మనకేల ఈ శ్రమ యందురు. నిత్యవ్యవహారమునకు యాప్ చాలునని మేమును ఒప్పుకొందుము. గుమాస్తా ఉన్నాడని యజమాని చిట్టా ఆవర్జాలు చదువుట మానునా? గుమాస్తా రానినాడు, లెక్క తేడా వచ్చిననాడు తానే పుస్తకము తెరువవలెను. ఇదియు నట్టిదే. ఇది పెద్దచదువులవారి విద్య యందురు మరికొందరు. వర్తకులమైన మేము మెట్రిక్‌తో ఆగినవారమే. పాప్ భాషలో నిత్యము వాడు కమాండులు పదికి మించవు. చిట్టా వ్రాయనేర్చినవానికి ఇవి కష్టము గావు.

కావున మా సూచనలు ఇవి. మొదటిది, సంఘపు ఈమెయిలు సంఘము పేరిటనే యుండవలెను గాని ఒక కార్యదర్శి సొంత ఫోనుతో ముడిపడరాదు. కార్యవర్గము మారునప్పుడు నగదుపెట్టె తాళముతోపాటు దీని తాళమును అప్పగింపవలెను. రెండవది, ఇద్దరు సభ్యులు, అందొకరు యువకులో యువతులో కావలెను, ఈ కమాండులు నేర్వవలెను. మూడవది, నెలకొకసారి పెట్టెను నేరుగా తెరచి, ఉత్తరముల సంఖ్యయు, నిండిన పరిమాణమును మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. నాలుగవది, విన్నపములను, వాని జవాబులను శీర్షములతోసహా వేరొకచోట ప్రతి తీసి ఉంచిన పిదపనే సర్వరులో చోటు ఖాళీ చేయవలెను. ఐదవది, విన్నపములను యూనికోడు తెలుగులో వ్రాసి, అధికారుల సౌకర్యార్థము తమిళానువాదమును జతపరుపవలెను.

పొరుగు తమిళ సోదరులతో మనకు కలహము లేదు. వారితో కలిసి బ్రదుకుచు, మన బిడ్డల చదువుకొరకు మర్యాదగా అడుగుచున్నాము. మర్యాదగా అడుగువాని మాట నిలువవలెనన్న, అడిగిన తేదీయు, వచ్చిన జవాబును అతని చేత నుండవలెను. ఈ విషయమున ఇదివరకే పరిచయము గల సభ్యులు రాబోవు సమావేశమునకు తమ కంప్యూటర్లతో వచ్చి, తక్కినవారికి ఒక గంటసేపు చేసి చూపవలెనని కోరుచున్నాము.