ఆయుష్షు ఒక్కటీ చాలదు

పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెడితే మన ఇళ్లలో మగపిల్లాడిని ‘దీర్ఘాయుష్మాన్ భవ’ అని దీవిస్తారు. పెళ్లయిన ఆడపిల్లని ‘దీర్ఘ సుమంగళీ భవ’ అంటారు. వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కాస్త ఆగి ఆలోచిస్తే తేడా తెలుస్తుంది. అతనికి కోరేది అతని ఆయుష్షు. ఆమెకి కోరేదీ అతని ఆయుష్షే! అతను పోయాక ఆమె బతకబోయే పదేళ్ల గురించో, ఇరవై ఏళ్ల గురించో మన దీవెనల్లో ఒక్క మాటా లేదు.

లెక్కలేమో వేరే సంగతి చెబుతున్నాయి. 2016-20 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం మన దేశంలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 68.6 ఏళ్లు, ఆడవాళ్లది 71.4 ఏళ్లు. దీనికి తోడు పెళ్లినాటికే భర్త నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు. అంటే చివరి అంకం చాలామంది ఆడవాళ్లు ఒంటరిగానే గడపాలి. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల మందికి పైగా ఉన్నారు. వాళ్లలోనూ ఆడవాళ్ల సంఖ్యే ఎక్కువ. కాబట్టి ముసలితనం గురించి మాట్లాడటమంటే చాలావరకు ఆడవాళ్ల గురించి మాట్లాడటమే. ఆ మాట ఈ పేజీలో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

ఎక్కువకాలం ఆరోగ్యంగా బతకాలంటే ఏం చేయాలని అడిగితే ఎవరైనా గడగడా చెప్పేస్తారు. ఉప్పు తగ్గించాలి, నడవాలి, బీపీ, షుగరు చూపించుకోవాలి. అన్నీ నిజమే. కానీ ఆ జాబితాలో మనం ఎప్పుడూ రాయనిది ఒకటుంది. మనుషులు!

2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి, మూడు లక్షలమందికి పైగా మనుషుల వివరాలను పరిశీలించారు. నలుగురితో గట్టి అనుబంధాలు ఉన్నవాళ్లు, అవి లేనివాళ్లకన్నా ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం యాభై శాతం ఎక్కువని తేలింది. ‘ఆరోగ్యం ఉన్నవాళ్లే నలుగురిలో తిరగ్గలరు కదా, అందుకే అలా తేలిందేమో’ అని మీకు అనిపించవచ్చు. మొదట్లో వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో కూడా చూశారు. అయినా ఫలితం మారలేదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ఇంకో అడుగు ముందుకేసి, ఒంటరితనం కారణంగా ఏటా ఎనిమిది లక్షల డెబ్భై వేలమంది దాకా చనిపోతున్నారని అంచనా వేసింది.

జపాన్‌లోని ఒకినావా దీవి నూరేళ్లు నిండినవాళ్లకు పేరుపొందింది. అక్కడివాళ్ల తిండి గురించి అందరూ రాస్తారు. ‘మోఅయి’ గురించి రాసేవాళ్లు తక్కువ. కొందరు స్నేహితులు చిన్నప్పటినుంచో, వయసులోనో ఒక జట్టుగా చేరి తలా కాస్త డబ్బు వేసుకుంటారు. నెలనెలా కలుస్తారు. ఎవరికి కష్టం వస్తే వాళ్లని ఆదుకుంటారు. ఇది చదవగానే నాకు మన చీటీలే గుర్తొచ్చాయి. మనకీ ఉన్నాయిగా! కాకపోతే మన చీటీలో డబ్బు లెక్క అయిపోగానే ఎవరి గుమ్మంలోకి వాళ్లం వెళ్లిపోతాం. ఆ దీవి కథలో ఇంకో పాఠం కూడా ఉంది. అమెరికా తరహా తిళ్లు, కార్లు అలవాటయ్యాక 2000 నాటి లెక్కల్లో ఒకినావా మగవాళ్ల ఆయుర్దాయం జపాన్‌లోని 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి జారిపోయింది. ఆయుష్షు నేల మహిమ కాదు, అలవాట్ల ఫలం అన్నమాట.

అంత దూరం ఎందుకు, మన తెలుగునాట చూడండి. కొండపల్లి కోటేశ్వరమ్మగారు 1918లో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఏడేళ్లకే వైధవ్యం. మళ్లీ పెళ్లి, ఉద్యమం, అజ్ఞాతవాసం. భర్త వదిలి వెళ్లాక చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. కొడుకునీ, కూతురినీ పోగొట్టుకున్నారు. కొన్నాళ్లు హైదరాబాద్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నారు. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ పుస్తకంగా వచ్చింది 2012లో. అప్పటికి ఆమెకి తొంభై దాటిపోయాయి. నూరో పుట్టినరోజు చూసి, 2018 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆమెకి జీవితం సుఖమనేది పెద్దగా ఇవ్వలేదు. కానీ రాసుకోవడానికి ఒక మాట, చుట్టూ నలుగురు మనుషులు ఆఖరుదాకా ఉన్నారు.

ఇంకొకరు చిలుకూరి శాంతమ్మగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి 1989లో రిటైరయ్యారు. 2022లో, తొంభై మూడేళ్ల వయసులో, విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారని పత్రికలన్నీ రాశాయి. మోకాళ్లకి ఆపరేషన్లయి, చేతికర్రల సాయంతో నడుస్తూ! ఎదురుచూసే పిల్లలుంటే మోకాళ్లు కూడా మాట వింటాయేమో.

ఇద్దరి కథలతోనే ఒక సూత్రం కట్టేయకూడదు, నిజమే. వంశం, అదృష్టం, వైద్యం అన్నీ కలవాలి. అయినా వాళ్లిద్దరి దగ్గరా ఉన్నదీ, మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర లేనిదీ ఏమిటని అడుగుతున్నాను. ‘రేపు పొద్దున్న నాకు పనుంది’ అనుకోగలగడం!

మన ఇళ్లలో ఒక మంచి మాట ఉంది. ‘మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను.’ ఎంత గౌరవం! కానీ రోజూ అదే మాటంటే? మొదట పొయ్యి దగ్గరకి రావద్దంటాం. తర్వాత బజారుకి వద్దంటాం. ఆ తర్వాత పెళ్లికి ఎందుకు, అలసిపోతారంటాం. డబ్బు లెక్కలు అబ్బాయి చూస్తాడంటాం. ఒక్కొక్కటే చేతిలోంచి తీసేసి చివరికి టీవీ రిమోటు చేతిలో పెడతాం. అప్పటిదాకా ఇరవైమందికి వండి వార్చిన మనిషి మంచం అంచున కూర్చుని ‘నేనెందుకు పనికొస్తాను’ అంటుంది. ఆ మాటకి మందు ఏ షాపులోనూ దొరకదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కోడలు ఉద్యోగానికి వెళితే ఇద్దరు పిల్లల్నీ, వంటనీ, ఇంటినీ డెబ్భై ఏళ్ల అమ్మమ్మమీదో నాయనమ్మమీదో వదిలేసే ఇళ్లూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో అరవై అయిదేళ్లొచ్చినా మోకాళ్లు పట్టుకుని మెట్లు కడిగే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లని చూపించి ‘పనిచేస్తే ఆరోగ్యం’ అనడం అన్యాయం. ఇష్టపడి చేసేది పని, తప్పక చేసేది చాకిరీ. పని ఆయుష్షు పోస్తుంది, చాకిరీ ఆయుష్షు తోడేస్తుంది. పెద్దవాళ్లకి ఏది ఇష్టమో వాళ్లనే అడగాలి. మనం అడగం. అదే చిక్కు.

ఇక తిండి సంగతి. మా బోడుప్పల్‌కి నాలుగడుగుల దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ అది. దేశమంతటికీ ఏం తినాలో చెప్పేవాళ్లు మన పక్కనే ఉన్నారు. 2024లో వాళ్లు ఇచ్చిన ఆహార సూచనల్లో పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒకటి ఉంది. పోషకాలు ఎక్కువున్న తిండి పెట్టమని. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ల కంచం చిన్నదవుతుంది. పళ్లు లేవని మజ్జిగన్నం, వండుకోబుద్ధి కాక టీలో రెండు రస్కులు, పైన వారానికి రెండు ఉపవాసాలు. వయసుతోపాటు కండ తగ్గిపోతుంది. కండ తగ్గితే కాలు నిలవదు. కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత మంచమే. పప్పు, పెరుగు, గుడ్డు, మెత్తగా ఉడికించిన కూరలు, ఒక పండు... వీటికి ఆస్తులు అమ్మక్కర్లేదు. రోజుకి ఉప్పు అయిదు గ్రాములు దాటొద్దంటారు. అంటే చిన్న చెంచాడు. మన ఆవకాయా, అప్పడమూ అందులోకే లెక్క!

నడక గురించి చెప్పేటప్పుడు మాత్రం నాకు మొహమాటమేస్తుంది. అరవై అయిదు దాటినవాళ్లు కూడా వారానికి కనీసం నూట యాభై నిమిషాలు ఒళ్లు కదిలించాలని, పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బాగానే ఉంది. ఎక్కడ నడవాలి? ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ములో, గుంతల్లో వయసువాళ్లే తడబడ్డారు. కాలనీ సందుల్లో ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, లేనిచోట కుక్కలు. పొద్దున్నే పార్కులో మగవాళ్ల జట్లు కనిపిస్తాయి. ఆడవాళ్లు ఆ వేళకి ఇంట్లో పాలు కాస్తూ ఉంటారు. ‘నడవండి’ అని పెద్దవాళ్లకి చెప్పేముందు, నడిచే దారి ఉందా అని కాలనీ సంఘాన్నీ, కార్పొరేటర్‌నీ అడగాల్సింది మనం.

మంచి జరిగితే అదీ చెప్పుకోవాలి. 2023 జూన్‌లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర స్కైవాక్ తెరిచారు. లిఫ్టు ఉండటంతో పెద్దవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే బాధ అక్కడ తగ్గింది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లని విన్నాను. ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు’ అని. తిరగనివ్వండి! ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సెక్కే పెద్దమ్మల్ని చూడండి. ఒకరి చేతిలో పూల సజ్జ, ఒకరి సంచిలో చెల్లెలికి పచ్చడి సీసా. కొడుకుని చార్జీలకి అడగకుండా గడప దాటడమంటే ఏమిటో వాళ్లని అడగాలి. నన్నడిగితే బీపీ మాత్రలాగే అదీ ఒక మందే.

చెవి, కన్ను సంగతి కూడా. పెద్దావిడ అడిగిందే అడుగుతుంటే ‘చాదస్తం’ అంటాం. చాలాసార్లు అది వినపడకపోవడం. వినపడక మాటల్లో కలవలేక, మెల్లగా గదిలోకి జరిగిపోతారు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల బృందం, మతిమరుపు జబ్బుకి దారితీసే వాటిలో మనం సరిచేసుకోగలిగినవి పద్నాలుగు ఉన్నాయని చెప్పింది. బీపీ, షుగరుతోపాటు వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. కళ్లజోడుకి వెనకాడని మనం చెవి మిషనుకి సిగ్గుపడటమెందుకు?

చివరిగా డబ్బు. చేతిలో సొంత రూపాయి ఉన్న పెద్దావిడ మాటకి ఇంట్లో ఉండే బరువే వేరు. పింఛనయినా, బ్యాంకులో చిన్న డిపాజిట్టయినా ఆమె పేరునే ఉండాలి, ఆమే సంతకం పెట్టాలి. ఇల్లు పిల్లల పేర రాసిచ్చే ముందు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి తెలుసుకోవాలి. చూసుకుంటారన్న షరతుమీద రాసిచ్చి, వాళ్లు చూడకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. షరతు కాగితంమీద స్పష్టంగా ఉండటం ముఖ్యం. పిల్లలనుంచి పోషణ ఖర్చు కోరే హక్కూ ఉంది. సాయం కోసం వయోవృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. ఫ్రిజ్ తలుపుమీద రాసి అంటించండి.

ఇదంతా అత్తగార్ల గురించీ అమ్మల గురించీ అనుకుంటున్నారా? ముప్పై, నలభైల్లో ఉన్న మన గురించి కూడా. పెళ్లితో ఊరు మారుతుంది. ఊరితో స్నేహితురాళ్లు పోతారు. పిల్లల స్కూలు గేటు దగ్గర దొరికిన స్నేహం వాళ్ల పదో తరగతితో ముగుస్తుంది. భర్త స్నేహితుల భార్యలే మన స్నేహితులవుతారు. అలా గడిపేస్తే అరవయ్యో ఏట హఠాత్తుగా నలుగురు మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు? ఎముకల్లో బలంలాగే స్నేహాలు కూడా వయసులో ఉన్నప్పుడే కూడబెట్టుకోవాలి.

ఈ వారం రెండు పనులు చేయండి. తెగిపోయిన ఒక పాత స్నేహితురాలి నంబరు వెతికి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని ‘మీకేం చేయాలనుంది?’ అని అడగండి. మొదట ‘నాకేముందమ్మా’ అంటారు. లేచి వెళ్లిపోకండి. ఇంకాసేపు కూర్చోండి. జవాబు వస్తుంది.