ఇంటిలోని ప్రియదర్శిని

బాలబాలికలారా! 'మాయాబజార్' చిత్రమును మీలో పెక్కుమంది చూచియుందురు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957లో వెలువడిన ఆ చిత్రమునందు శశిరేఖకు కానుకగా వచ్చిన 'ప్రియదర్శిని' యను పెట్టె యొకటి కలదు. దానిని తెరచినవారికి తమ మనస్సునకు మిక్కిలి ప్రియమైనదే కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను. బలరామునకు దుర్యోధనుడు కనబడెను. పెట్టె యొక్కటియే; తెరచినవారినిబట్టి అందలి రూపము మారును.

నేడు మన యిండ్లలో అట్టి పెట్టెలు వెలసినవి. టెలివిజనుగాని సెల్‌ఫోనుగాని మనము నిన్న చూచినదానిని గుర్తుంచుకొని నేడును అట్టిదానినే మన ముందుంచుచున్నది. ఇది మేలా, కీడా? నా యనుభవమునుబట్టి సమాధానము చెప్పెదను.

నేను చైతన్యపురిలో నివసించుచున్నాను. 2020 మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. కరోనా వ్యాధి కారణమున ఆ దినముననే దేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. దిల్‌సుఖ్‌నగరులోని సినిమాహాళ్లు అంతకు ముందే మూతపడియుండెను. శార్వరి యనగా రాత్రి. ఆ దీర్ఘరాత్రిని గడుపుటకై వారమునకొక చిత్రమును ఇంటనే చూడ నిశ్చయించి, చూచినదాని పేరునెల్ల ఒక నోటుపుస్తకమున వ్రాయుచు వచ్చితిని.

ఇంట చూచుటలో లాభము లేకపోలేదు. నచ్చిన పుటను మరల చదివినట్లు నచ్చిన దృశ్యమును మరల చూడవచ్చును. మాయాబజారులోని నౌకావిహారపు వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నేర్పుతో కల్పించినదని నా మనుమరాలికి ఆపి ఆపి చూపగలిగితిని. గూడవల్లి రామబ్రహ్మముగారు అస్పృశ్యతను ఖండించుచు 1938లో తీసిన 'మాలపిల్ల'ను గూడ ఇంటనే చూచితిమి.

2021 ఏప్రిల్ 13న ప్లవ నామ సంవత్సర ఉగాది వచ్చెను. ఆనాడు నోటుపుస్తకము తెరచి లెక్కింపగా 54 పేర్లుండెను. ఏడవ తరగతి చదువుచున్న నా మనుమరాలు వానిని చదివి, "తాతయ్యా, ఇవన్నియు నీకు నచ్చినవే కదా! నానమ్మ కోరినది ఏది?" అని యడిగెను. మొదటినుండి తుదివరకు వెదకితిని. ఒక్కటియు లేదు. సంవత్సరమంతయు ఆమె నా ప్రక్కన కూర్చుండి నా ప్రియదర్శినినే చూచినది. నాకు సిగ్గు కలిగెను.

నల్లగొండ జిల్లాలోని పల్లెలో పుట్టిన నా భార్య, నేనడిగినంతనే 'మాభూమి' యనెను. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటము ఇతివృత్తముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1980లో వచ్చిన చిత్రమది. నేనప్పుడు కళాశాల విద్యార్థిని. వినోదము లేని చిత్రము నాకేల యని దానిని చూడకుంటిని. ఇప్పుడు చూచుచుండగా, వెట్టిచాకిరి దృశ్యములయొద్ద ఆమె మెల్లగా, "మా తాత గూడ దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచినవాడే" అనెను. ముప్పదియెనిమిది యేండ్ల కాపురమున ఆ మాట నేను వినలేదు. ఆమె చెప్పకపోవుట గాదు, నేనడుగకపోవుటయే కారణము.

ఎవరికి నచ్చినది వారు చూచుట స్వేచ్ఛయే కదా యని మీరనవచ్చును. నిజమే. కాని నచ్చినదానినే చూచువాడు తనకు తెలిసినదానినే మరల మరల తెలిసికొనుచుండును. సినిమాహాలులో నేల టిక్కెట్టువానికిని బాల్కనీవానికిని తెర యొక్కటియే. ఇద్దరును ఒక్కచోట నవ్వుదురు, ఒక్కచోట కన్నీరు పెట్టుదురు. నచ్చని ఘట్టము వచ్చినను ఓపికతో కూర్చుందురు. ఆ యోపికను ఇంటిలోని పెట్టె తనంత తాను నేర్పదు, మనమే నేర్చుకొనవలెను.

ఇప్పుడు మా యింట నొక నియమము కలదు. చిత్రమును ఎన్నుకొనుట వారమునకొకరి వంతు. తక్కినవారు సెల్‌ఫోనులను ప్రక్కన నుంచి తుదివరకు చూడవలెను. పిమ్మట దానినిగూర్చి మాటలాడవలెను. మనుమరాలి వంతున వచ్చిన బొమ్మల చిత్రము నాకు సగమే బోధపడినది. తక్కిన సగమును ఆమె నాకు పాఠము చెప్పినట్లు చెప్పినది. నలుబదియేండ్లుగా పాఠములు చెప్పినవారి కుటుంబమున పాఠము వినుటయు నొక ముచ్చటయే.

పిల్లలారా! ప్రియదర్శిని మనము తెరచినచో మనకు ప్రియమైనదే కనబడును. ఎదుటివారికి ప్రియమైనది చూడదలచినచో, ఆ పెట్టెను వారి చేతికీయవలెను.